చేవ కర్ర పెన్ను ఎందుకు పగులుతుంది

శ్రావణ మాసంలో, వాన వదలకుండా పడుతున్న వారంలో, మా బావగారి కోసం ఎబొనీ అనే నల్ల కర్రతో ఒక పెన్ను చేశాను. విజయనగరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ ఉంది. ఆదివారాలు నా మకాం అక్కడే. పెన్ను బాగా కుదిరింది, అద్దంలా మెరిసింది. బావగారు దాన్ని హైదరాబాద్ పట్టుకెళ్లి ఆఫీసు బల్ల మీద పెట్టుకున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు జేబులోంచి తీసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టారు. క్లిప్పు పక్కనుంచి కింద దాకా ఒక నెర్రె. "నేను కింద పడెయ్యలేదోయ్" అన్నారు, తప్పు తనదేమో అన్నట్టు.

ఆయన తప్పేమీ లేదు. కింద పడి పగిలితే దెబ్బ తగిలిన చోట చొట్టో, పెచ్చు లేచిన గుర్తో ఉంటుంది. ఇది కర్ర నార వెంట పైనుంచి కిందికి దారం పరిచినట్టు నేరుగా వచ్చిన పగులు. కర్రని రెండు పక్కలా పట్టుకుని లాగితే వచ్చేది. ఎవరు లాగారు, ఎప్పుడు లాగారు అన్నది తేలాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి.

ఈ పని చేసేవాళ్లని అడిగితే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. కర్ర మరీ గట్టిది కాబట్టి పగిలిందని ఒకరు. డ్రిల్ చేసేటప్పుడే లోపల బీట పడి ఉంటుందని ఒకరు. జిగురు మంచిది కాదని, పాలిష్ పలచగా వేశారని మిగతా ఇద్దరు. నాలుగింటిలోనూ నిజం ఉంది. అయితే నాలుగూ ఒకే బరువున్న నిజాలు కావు.

ముందు పెన్ను ఎలా చేస్తారో రెండు ముక్కల్లో. సుమారు 19 మిల్లీమీటర్ల చదరం, 125 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కర్ర ముక్క తీసుకుంటాం. దాన్నే బ్లాంక్ అంటారు. సన్నపాటి పెన్నుకైతే దాని నడుమ 7 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, అందులో ఇత్తడి గొట్టం పెట్టి జిగురుతో అతికిస్తాం. తర్వాత లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, గరుకు కాగితం పట్టి, మెరుగు పెట్టి, చివర్లలో క్లిప్పు, ములికి బిగిస్తాం. అంతా అయ్యాక గొట్టం చుట్టూ మిగిలే కర్ర మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, చివర్లలో మిల్లీమీటరు లోపే. చేతిలో ఉన్నది కర్ర పెన్నులా కనిపిస్తుంది గానీ, నిజానికి అది కర్ర తొడుగు వేసుకున్న ఇత్తడి గొట్టం. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కుండలో నీళ్లు, కుండ మట్టిలో చెమ్మ

కొట్టిన చెట్టులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కణాల బోలులో నిలిచి ఉండేది ఒకటి, కుండలో పోసిన నీళ్ల లాంటిది. కణాల గోడల్లోకి ఇంకి ఉండేది రెండోది, అప్పుడే సారె మీంచి దించిన పచ్చి కుండ మట్టిలో ఉండే చెమ్మ లాంటిది. కర్ర ఆరేటప్పుడు ముందు బోలులోని నీళ్లు పోతాయి. కుండలో నీళ్లు పారబోస్తే కుండ చిన్నదవదు కదా, అలాగే ఈ దశలో కర్ర కొలత మారదు, బరువు మాత్రం తగ్గుతుంది. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని చెమ్మ కదలడం మొదలవుతుంది. కర్ర కుంచించుకునేది అక్కణ్ణుంచే. పచ్చి కుండని కుమ్మరి నడి ఎండలో ఎందుకు పెట్టడో ఇక్కడా అందుకే తొందర పనికిరాదు.

కుంచించుకోవడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవు వైపు దాదాపు ఏమీ ఉండదు, వెయ్యిలో ఒకటో రెండో వంతు. చెట్టు నడిబొడ్డు నుంచి బెరడు వైపు కొంత. వలయాల వెంట, అంటే చుట్టుకొలత వైపు, సాధారణంగా దానికి దాదాపు రెట్టింపు. అందుకే గుండ్రంగా చెక్కిన పచ్చి కర్ర ఆరాక కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ముక్కలో చెట్టు నడిబొడ్డే ఉండిపోతే ఇక చెప్పక్కర్లేదు. చుట్టూ ఉన్న వలయాలు బిగుసుకుంటాయి, నడుమ ఉన్నది తగ్గదు, ఎక్కడో ఒకచోట విచ్చుకోవాల్సిందే.

చేవ కర్రల సంగతి ఇక్కడే చిక్కుపడుతుంది. బరువైన కర్ర అంటే కణాల బోలు తక్కువ, గోడలు ఎక్కువ. గోడల్లోనే కదా చెమ్మ ఆడేది, కాబట్టి కదలడానికి సరుకు ఎక్కువ. పైగా దట్టమైన కర్రలో నీటికి దారులు ఇరుకు. పై పొర ఆరిపోయి కుంచించుకుందామంటే లోపలి పొర ఇంకా తడిగానే ఉండి అడ్డం పడుతుంది. పై పొర సాగదీసిన చొక్కాలా బిగుసుకుంటుంది. మెత్తటి కర్రయితే ఆ బిగువుకి కొంత సర్దుకుంటుంది. బిర్రుగా ఉండే చేవ కర్ర సర్దుకోదు, చిట్లుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల్ని ఉద్దేశించి అంటాం గానీ, ఈ కర్రల విషయంలో అది అక్షరాలా నిజం.

అయితే బరువు ఒక్కటే దోషి అనుకుంటే మళ్లీ తప్పులో పడతాం. ఆఫ్రికా బ్లాక్‌వుడ్ అనే కర్ర ఉంది, క్లారినెట్లు చేసేది. మన ఇరుగుడు చెట్టుకి దగ్గర చుట్టం, రెండూ డాల్బెర్జియా జాతే. ఘనమీటరు సుమారు 1,270 కిలోలు, నీళ్లలో వేస్తే రాయిలా మునుగుతుంది. గాబన్ ఎబొనీ దానికంటే తేలిక, సుమారు 950 కిలోలు. ఏది ఎక్కువ పగలాలి? లెక్క ప్రకారం బ్లాక్‌వుడ్డే. నిజానికి పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా వలయాల వెంట బ్లాక్‌వుడ్ తగ్గేది సుమారు 5 శాతం, ఎబొనీ తగ్గేది సుమారు 11 శాతం. నా అనుభవంలోనూ బ్లాక్‌వుడ్ పెన్నులు నిలబడ్డాయి, ఎబొనీవి ఏడిపించాయి. కొనేముందు అడగాల్సింది కర్ర ఎంత బరువు అని కాదు, ఎంత కుంచించుకుంటుంది అని.

ఎబొనీ అనగానే ఎక్కడిదో అనుకుంటాం. మన ఏజెన్సీ కొండల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు కూడా ఆ డయోస్పైరస్ జాతిదే. ముదిరిన చెట్టు నడుమ నల్లటి చేవ ఉంటుంది. ఇక పెన్నుల వాళ్లందరినీ ఊరించి ఏడిపించే స్నేక్‌వుడ్, పాము చర్మంలా మచ్చలుండేది, దక్షిణ అమెరికాలో సురినామ్, గయానా వైపు పెరుగుతుంది. ఘనమీటరు సుమారు 1,200 కిలోలు. పెద్దగా ఎదగని చెట్టు, అందులో చేవ సన్నం, అందుకే తూకం వేసి అమ్ముతారు. గట్టిగా చూస్తే పగులుతుందని దాని మీద జోకు. అది పనస కుటుంబానిది! బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చెక్కే పనసకి చుట్టం. పనస దీని బరువులో సగం ఉంటుందేమో, చెప్పినట్టు వింటుంది. ఒకే దుంగలోంచి వీణ మొత్తం తొలిచినా బుద్ధిగా ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు బిడ్డలు ఒకేలా ఉండరని ఊరికే అనలేదు.

గొట్టం తగ్గదు

ఇప్పుడు ఇత్తడి దగ్గరికి వద్దాం. కర్ర ఎంత కుంచించుకున్నా దాని దారిన దాన్ని వదిలేస్తే చాలాసార్లు పగలకుండానే గట్టెక్కుతుంది, కాస్త వంకరో కోడిగుడ్డో అవుతుంది, అంతే. పెన్నులో ఆ అవకాశం లేదు. లోపల ఇత్తడి గొట్టం ఉంది, దానికి తేమతో పని లేదు. కర్ర బిగుసుకుంటుంటే గొట్టం ఒక్క వెంట్రుక కూడా తగ్గదు.

లెక్క వేసి చూద్దాం. ఎబొనీ వలయాల వెంట 30 శాతం తేమకి 11 శాతం తగ్గితే, ఒక్కో శాతం తేమకి సుమారు 0.37 శాతం. పెన్ను చేసినప్పుడు కర్రలో తేమ 15 శాతం, తర్వాత 9కి దిగింది అనుకోండి. ఆరు శాతం తేడా, అంటే రెండు శాతం పైన కుంచింపు. పది మిల్లీమీటర్ల లావు పెన్ను చుట్టుకొలత 31 మిల్లీమీటర్లు. చుట్టూ వలయాల వైపు కొంత, బెరడు వైపు కొంత కలిపి సరాసరి తీసినా అర మిల్లీమీటరు పైనే తగ్గాలి. తగ్గడానికి గొట్టం ఒప్పుకోదు. కర్ర నారకి అడ్డంగా ఒక శాతం అటూ ఇటూ సాగితేనే తెగే సరుకు. బావగారి పెన్ను మీద నెర్రె కొలిచాను, అర మిల్లీమీటరు. లెక్కకి సరిగ్గా కుదిరితే మామూలుగా సంతోషం వెయ్యాలి.

ఇదే లెక్క బ్లాక్‌వుడ్‌కి వేస్తే పావు మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది. అంత సాగింపుని, నెమ్మదిగా జరిగితే, కర్ర చాలావరకు ఓర్చుకుంటుంది. నెమ్మదిగా అన్న మాట ముఖ్యం. నెలల మీద వచ్చే బిగువుకి కర్ర లోపల్లోపల సడలుతుంది. ఒక్క వారంలో ఏసీ గదిలో పడేస్తే ఆ వ్యవధి దొరకదు.

గట్టి కర్రని గొట్టంలా తొలిచేవాళ్లు మనకంటే ముందు చాలామంది ఉన్నారు. తమిళనాట నరసింగంపేటలో నాదస్వరం చేసేవాళ్లు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ఆచ్చా కర్ర కోసం వెతుకుతారు. మనం నారేపి అనే చెట్టే అది, మన దేశపు బరువైన కర్రల్లో ఒకటి. దశాబ్దాల పాటు ఇంటి కప్పు కింద ఉన్న దూలంలో లోపలి బిగువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. మా ఊళ్లో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు నేర్పిన చోటు. ఫిడేలు మెడ మీద వేళ్లు ఆడే నల్లటి పలక సాధారణంగా ఎబొనీయే, బిరడాలు కూడా చాలా వాటికి అదే. వానాకాలంలో బిరడాలు బిగుసుకుని, ఎండాకాలంలో జారిపోవడం ఫిడేలు పట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. వాళ్లు శ్రుతి సరిచేసుకుంటారు. మన పెన్నుకి ఆ వెసులుబాటు లేదు.

తూకం చెప్పిన అబద్ధం

నేను ఎక్కడ పొరబడ్డానో ఇప్పుడు చెప్పాలి. చెక్కేనాటికి ఆ ఎబొనీ ముక్క పచ్చిదేం కాదు. కొరియర్‌లో వచ్చినప్పుడు మాత్రం నాలుగు పక్కలా, రెండు కొసలకీ మైనం పూసి ఉంది. విదేశీ కర్ర మైనం పూతతో వచ్చిందంటే ఇంకా ఆరలేదని అర్థం. దారిలో పగలకుండా అమ్మేవాళ్లు అలా పూస్తారు, అది మన మంచికే. తెలియనివాళ్లు మైనం గీకేసి అదే రోజు డ్రిల్ చేస్తారు. నేను పక్కల మైనం మాత్రం గీకి, రెండు కొసలకీ ఉంచాను. కర్ర కొసల నుంచి తేమ పక్కల కంటే పది, పదిహేను రెట్లు వేగంగా పోతుంది, అందుకే కొసలే ముందు పగులుతాయి. ముక్క మీద తేదీ, బరువు రాసి అటక మీద పెట్టాను. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొన్నాను, గ్రాములో పదో వంతు చూపించేది. నెలకోసారి తూచాను. 50 గ్రాములతో మొదలై, తొమ్మిది నెలలకి 46 దగ్గర ఆగింది. రెండు నెలలు అక్కడే ఉంది. ఆరిపోయింది అనుకున్నాను.

ఆరిపోలేదు. మా అటక మీద గాలితో రాజీ పడింది, అంతే.

కర్ర ఎంత ఆరినా చుట్టూ గాలిలో ఉన్న తేమని బట్టి ఒక చోట ఆగుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్రలో తేమ సుమారు 15, 16 శాతం దగ్గర నిలుస్తుంది. 50 శాతం గాలిలో అయితే సుమారు 9. 30 శాతం గాలిలో 6. సముద్రం దగ్గరున్న మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వానాకాలం గాలి ఎలా ఉంటుందో అప్పడాల డబ్బా మూత తీసి పెట్టిన ఎవరికైనా తెలుసు. హైదరాబాద్‌లో ఏసీ గది ఇంకో దేశం. ఏప్రిల్ మధ్యాహ్నం బయట గాలి మరీ ఇంకో దేశం. అంటే "ఎండిన కర్ర" అన్న మాటకి ఊరి పేరు చేర్చకపోతే అర్థం లేదు. విజయనగరంలో ఎండిన కర్ర హైదరాబాద్‌కి పచ్చిదే.

దీన్నిబట్టి నేను పట్టుకున్న పద్ధతి ఒకటే: పెన్ను ఎక్కడ బతకబోతుందో, కర్రని అక్కడి పొడికి ముందే దించాలి, గొట్టం అతికించక ముందే. పెన్ను ఎక్కడికి వెళుతుందో తెలియకపోతే పొడి వైపే తప్పు చెయ్యాలి. ఎందుకంటే రెండు తప్పులూ సమానం కావు. పొడిగా చేసిన పెన్ను తడి ఊరికి వస్తే కర్ర ఉబ్బుతుంది, చివర్లలో లోహం కంటే ఒక వెంట్రుక ఎత్తుగా తగులుతుంది, జిగురు మీద కొంచెం లాగుడు పడుతుంది. చూడ్డానికి బాగోదు గానీ బతుకుతుంది. తడిగా చేసినది పొడి ఊరికి వెళితే బిగుసుకుని పగులుతుంది. ఒత్తిడిని కర్ర తట్టుకుంటుంది, అడ్డంగా లాగుడుని తట్టుకోదు.

ఇంట్లో దీనికి పెద్ద హంగామా అక్కర్లేదు. మూత బిర్రుగా పట్టే స్టీలు డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, గాలిలో తేమ చూపించే చిన్న మీటరు. జెల్ ఒకేసారి గుమ్మరించకూడదు, మీటరు 70, తర్వాత 60, తర్వాత 50 చూపించేలా వారాల తేడాతో చేర్చుకుంటూ పోవాలి. జెల్ రంగు మారితే పొయ్యి మీద మూకుట్లో సన్న సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది (మూకుడు వంటకి వాడనిది, మా ఆవిడ మాట). డబ్బా వద్దంటే ఏసీ పడగ్గదిలో బీరువా మీద రెండు మూడు నెలలు పెట్టినా చాలు. ఖచ్చితంగా తెలుసుకోవాలనుకుంటే అదే ముక్క నుంచి చిన్న తునక కోసి, తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఉంచి మళ్లీ తూచండి. పోయిన బరువుని ఎండు బరువుతో భాగించి నూరుతో హెచ్చిస్తే తేమ శాతం వస్తుంది. సూదులు గుచ్చే మీటర్లు ఇలాంటి దట్టమైన కర్రల్లో, సవరణ లెక్క వెయ్యకపోతే, తప్పు చెబుతాయి. త్రాసు అబద్ధం చెప్పదు, మనమే దాని మాట తప్పుగా వింటాం.

వేడి

మిగిలిన పగుళ్లకి కారణం దాదాపు ఎప్పుడూ వేడే. ఇది కొత్త విషయం కాదు, పాత విషయమే వేరే వేషంలో. కర్రని ఒకచోట కాల్చితే ఆ చోట తేమ ఒక్కసారిగా పోతుంది. వారాల్లో జరగాల్సిన కుంచింపు సెకన్లలో జరుగుతుంది.

డ్రిల్లింగ్‌లో మొదటి ప్రమాదం. దట్టమైన కర్రలో పొట్టు బయటికి రాదు, బిట్ గాడుల్లో కూరుకుపోయి రాసుకుంటుంది. మెత్తటి కర్రకి అలవాటైన చెయ్యి ఒక్క ఊపులో దించేస్తుంది. నేను ఐదారు మిల్లీమీటర్లకోసారి బిట్ పూర్తిగా బయటికి తీసి, పొట్టు దులిపి, బిట్‌ని వేలితో తాకి చూస్తాను. వేలు ఉంచలేకపోతే టీ తాగొస్తాను. వేగం నిమిషానికి 500 చుట్ల దగ్గర, బిట్ కొత్తగా పదును పెట్టినది. రెండో కొసలోంచి బయటికి పొడవను. ముక్కని ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉంచి, రంధ్రం బయటపడేలా తర్వాత కోస్తాను. బిట్ బయటికి దూకేటప్పుడే పెచ్చులు లేస్తాయి.

ఇంతకంటే మంచి ఉపాయం రంధ్రం రెండుసార్లు తొలవడం. ముందు 6 మిల్లీమీటర్ల బిట్‌తో తొలిచి, ముక్కని గుండ్రంగా ముతకగా చెక్కి, డబ్బాలో పెట్టాలి. ఆరే సమయం మందం కంటే చాలా వేగంగా పెరుగుతుంది. మందం సగానికి దిగితే సమయం సుమారు నాలుగో వంతుకి దిగుతుంది. రంధ్రం ఉంటే లోపలి నుంచీ ఆరుతుంది, కుంచించుకోవడానికి లోపల చోటూ దొరుకుతుంది. కొన్ని వారాలయ్యాక బరువు ఆగితే 7 మిల్లీమీటర్ల బిట్‌తో సరిచెయ్యాలి. కోడిగుడ్డు ఆకారానికి తిరిగిన రంధ్రం అప్పుడు గుండ్రం అవుతుంది. పగిలే ముక్క ఏదైనా ఉంటే ఈ వారాల్లోనే పగిలిపోతుంది. బావగారి చేతిలో పగలడం కంటే డబ్బాలో పగలడం నయం.

గరుకు కాగితం రెండో ప్రమాదం, నా లెక్కలో డ్రిల్ కంటే పెద్దది. ఉలి పని అయ్యాక కర్ర పలచబడి ఉంటుంది. లేత్ మూడు వేల చుట్లు తిరుగుతుంటే కాగితం నొక్కిపట్టామంటే పెన్ను చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. పైన సన్నటి గీతలు కనిపిస్తాయి, మొదట గీరుళ్లేమో అనుకుంటాం, ఇంకా రుద్దుతాం, ఇంకా పెరుగుతాయి. వేగం 600, 700కి తగ్గించి, పదునైన ఉలితో పని ముందే నున్నగా చేసుకుని, 320 నంబరు కాగితంతోనే మొదలుపెట్టి, తేలిగ్గా తగిలించాలి. చివర్లో లేత్ ఆపి నార వెంట చేత్తో రుద్దాలి. ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. ఇరుగుడు జాతి కర్రల పొడి చాలామందికి దద్దుర్లు, దగ్గు తెప్పిస్తుంది.

జిగురు గురించి తగువు ఎప్పటికీ తెగదు. ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూ క్షణాల్లో పట్టేస్తుంది, గాజులా గట్టిపడుతుంది. త్వరగా గట్టిపడడానికి స్ప్రే కొడితే పట్టేటప్పుడే వేడి పుడుతుంది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ నెమ్మది, కొంచెం సాగే గుణం ఉంటుంది. పగిలే కర్రలకి నేను ఎపాక్సీయే వాడతాను, రంధ్రం కూడా గొట్టం కంటే ఒక పిసరు వెడల్పు ఉంచి. ఆ పిసరు జిగురే కర్రకీ ఇత్తడికీ మధ్య పరుపు. జిడ్డు కర్రలైతే అతికించే ముందు రంధ్రాన్ని అసిటోన్‌తో తుడవాలి.

పాలిష్‌తో కాపాడొచ్చనే మాటకి వస్తే, సూపర్‌గ్లూ పూతలు పది వేసినా తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి గానీ ఆగవు. నెమ్మదించడం కూడా మంచిదే, సడలడానికి వ్యవధి ఇస్తుంది. అంతకుమించి ఆశించకండి. కర్రలోకి రెసిన్, అంటే లోపల గట్టిపడే ద్రవం, ఎక్కించి స్థిరపరిచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. పుచ్చిన, మెత్తటి కర్రలకి అది బంగారం. ఎబొనీకి, స్నేక్‌వుడ్‌కి అది డబ్బు దండగ, రెసిన్ దూరడానికి లోపల బోలు ఉంటే కదా. ఈ తలనొప్పి మొత్తం వద్దనుకున్నవాళ్లు 19వ శతాబ్దంలోనే రబ్బరుని గంధకంతో ఉడికించి ఎబొనైట్ చేశారు. ఎబొనీకి బదులని ఆ పేరు. రాజమండ్రి రత్నం పెన్నులు ఆ ఎబొనైట్‌తోనే పేరు తెచ్చుకున్నాయి. అది తేమకి కదలదు.

మన తీరం కర్రలు

ఎక్కడి నుంచో కర్ర తెప్పించుకుని ఏడవడం ఎందుకు, మన దగ్గర లేవా అంటే, పగిలే కర్రలకి మనకేం కొదవ లేదు. శ్రీకాకుళం తీరం పొడుగునా ఉన్న సరుగుడు అసలు పైదేశపు చెట్టే, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలది. పాకలకి గుంజలు, సెంట్రింగుకి కర్రలు, పొయ్యిలోకి కట్టెలు, కాగితం మిల్లుకి లోడు, అంతవరకే మనకి దానితో పని. కానీ బరువైన కర్ర, చెక్కితే లోపల ఎర్రటి గోధుమ రంగులో అందంగా ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ నెలాఖరున అటు వెళ్లినప్పుడు చుట్టాల పొలం గట్టున పడి ఉన్న సరుగుడు మాను నుంచి చెయ్యెడు దుంగలు రెండు తెచ్చుకున్నాను. అప్పటికి నాకేమీ తెలియదు. వారం తిరక్కుండా బ్లాంకులు కోశాను, నడిబొడ్డు తీసెయ్యకుండా, కొసలకి మైనం పూయకుండా, ఆరుబయట ఎండలో పెట్టి. పద్దెనిమిది ముక్కల్లో పద్దెనిమిదీ విచ్చుకున్నాయి. దుంగని నడిబొడ్డు గుండా నిలువునా చీల్చి, కొసలకి మైనం పూసి, నీడలో ఏడాది ఉంచి, ఆ తర్వాత బొడ్డుకి దూరంగా ముక్కలు కోస్తే సగమైనా దక్కుతాయని తర్వాత తెలిసింది.

తాటి కథ పూర్తిగా వేరు. పై దేశాల పెన్నుల దుకాణాల్లో బ్లాక్ పామ్ అని ఖరీదు పెట్టి అమ్మేది తాటి జాతి కర్రే. మా తాతగారి పెంకుటింటి వాసాలు అక్కడ ఎగ్జోటిక్! తాటిలో వలయాలు ఉండవు, చెట్టంతా మెత్తటి గుజ్జులో గట్టి నల్లటి నారలు గుచ్చినట్టు ఉంటుంది. కాబట్టి వలయాల వెంట ఒకలా, అడ్డంగా ఒకలా కుంచించుకునే గొడవ లేదు, చేవ కర్రల్లా పగలదు. బదులుగా ఉలి తగలగానే నారలు ఊడి వస్తాయి, రంధ్రాలు పడతాయి. పలచటి సూపర్‌గ్లూ తాగించి, ఆరనిచ్చి, కొంచెం చెక్కి, మళ్లీ తాగించి, ఇలా ఓపిక పట్టాలి. పాత ఇళ్లు పడగొట్టే చోట గుగ్గిలం, నల్లమద్ది దూలాల ముక్కలు కూడా దొరుకుతాయి. నా మట్టుకు నాకు ఇప్పుడు వాటి మీదే మోజు. ఎర్రచందనం ముక్క ఎవరైనా కాగితాలు లేకుండా చవగ్గా ఇస్తామంటే మాత్రం చెయ్యి చాపకండి. అది పెన్ను దగ్గర ఆగదు.

బావగారి పెన్నుని విప్పి, గొట్టం పట్టుకుని వేడిచేసి కర్ర తీసేశాను. నెర్రెలో ఇత్తడి రజను నింపి అతికిద్దామా అనుకున్నాను, చాలామంది అలా చేసి అందంగానే చూపిస్తారు. ఈసారికి వద్దనిపించింది. అదే దుంగలోంచి వచ్చిన రెండో ముక్క అటక మీద ఉంది, 45.8 గ్రాములు. 6 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, ముతకగా గుండ్రం చేసి, మళ్లీ తూచి, స్టీలు డబ్బాలో పెట్టాను. చెక్కాక అది 25.4 గ్రాములు. మాఘం దాటింది, ఫాల్గుణం వచ్చింది. బావగారు ఫోన్ చేసినప్పుడల్లా "నా పెన్ను ఏమైందోయ్" అంటారు. కిందటి ఆదివారం 24.3. నిన్న తూచాను, 24.2. ఇంకా కదులుతోంది.